పసుపు ప్లేటా, తెల్ల ప్లేటా, యాప్ లేకుండానా: బైక్ ట్యాక్సీ ఎక్కేముందు ఏది చూడాలి

సాయంత్రం ఆరు దాటాక మియాపూర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగితే రోజూ ఒకటే సీను. ఫోన్ పైకెత్తి పట్టుకుని నంబర్ ప్లేట్లు వెతుక్కునేవాళ్లు కొందరు. "మేడమ్, ఎక్కడికి? యాప్‌లో ఎంత చూపిస్తే అంతే ఇవ్వండి, కూర్చోండి" అని పిలిచే బండ్లవాళ్లు కొందరు. ఆ గుంపులో నేనూ ఉంటాను. ఆఫీసు నుంచి మెట్రోలో వచ్చి, స్టేషన్ నుంచి ఇంటికి ఆ ఆఖరి మూడు కిలోమీటర్లు బైక్ మీదే వెళ్తాను. ఆటోకి అయ్యే దాంట్లో సగంలో పనైపోతుంది, సందుల్లోంచి దూరి తీసుకెళ్తారు.

కిందటి వానాకాలంలో ఒకరోజు బుక్ చేస్తే ఫోన్‌లో ఒక నంబరు, ఎదురుగా ఆగిన బండికి ఇంకో నంబరు. అడిగితే "నా బండి సర్వీసింగ్‌లో ఉంది మేడమ్, ఇది మా అన్నది" అన్నాడు. తుంపర మొదలైంది, ఎక్కేశాను. కిలోమీటరు పోకముందే ట్రాఫిక్ పోలీసులు ఆపారు. ఆ బండికి ఇన్సూరెన్స్ అయిపోయి ఏడాది దాటిందట. బండి పక్కన పెట్టించారు, నేను తడుస్తూ నడిచి ఇల్లు చేరాను. నడుస్తున్నంతసేపూ ఒకటే లెక్క వేసుకున్నాను: ఆ కిలోమీటరులో బండి జారి ఉంటే? యాప్ దృష్టిలో నేను ఆ బండి ఎక్కనే లేదు. బండి కాగితాల దృష్టిలో ఆ అబ్బాయికీ దానికీ సంబంధం లేదు. బీమా అసలే లేదు. ఆసుపత్రి బిల్లు పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలి?

అప్పటి నుంచి ఎక్కేముందు చూసుకోవడం అలవాటైంది. హైదరాబాద్‌లో మనకు దొరికే బండ్లలో ఏది ఎంతవరకు నమ్మదగిందో, ఏ పరిస్థితిలో ఏది ఎంచుకోవాలో నాకు తెలిసినంతవరకు చెప్తాను.

"రిజిస్టర్ అయిన బండేనా?" అంటే మూడు ప్రశ్నలు

రోడ్డు మీద తిరిగే మామూలు బైకులన్నీ ఆర్టీఏలో రిజిస్టర్ అయినవే. అది మొదటి మెట్టు. దాన్ని డబ్బులు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకునే బండిగా, అంటే ట్రాన్స్‌పోర్ట్ వాహనంగా రిజిస్టర్ చేయించారా అన్నది రెండో ప్రశ్న. నడిపే మనిషి, ఆ బండి కలిపి యాప్ కంపెనీ దగ్గర నమోదై ఉన్నారా అన్నది మూడోది.

చాలామంది యాప్‌లో వచ్చింది కాబట్టి అన్నీ సరిగ్గా ఉన్నట్టే అనుకుంటారు. ఇంకొందరు తెల్ల ప్లేటు చూడగానే దొంగబండి అంటారు. రెండూ తప్పే. తెల్ల ప్లేటు బండికి మొదటిదీ మూడోదీ ఉండి రెండోది లేకపోవచ్చు. స్టేషన్ బయట పిలిచేవాడి బండికి మొదటిది ఒక్కటే ఉండొచ్చు. నేను ఆ వానలో ఎక్కిన బండి పరిస్థితి అదే. ఏది లేకపోతే మనకేం నష్టమో తెలిస్తే ఎంచుకోవడం తేలిక.

ప్లేటు రంగు ఏం చెప్తుంది

తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే సొంత వాడకానికి రిజిస్టర్ చేసిన బండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే ఆటోలు, క్యాబ్‌లలాగే ట్రాన్స్‌పోర్ట్ బండి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే మనమే నడుపుకోవడానికి అద్దెకిచ్చే బండి, దాని మీద డ్రైవర్ వచ్చి మనల్ని ఎక్కించుకోవడం కుదరదు.

ఎలక్ట్రిక్ బండ్ల దగ్గర జనం పొరబడతారు. ప్లేటు ఆకుపచ్చగా ఉంటే చాలు, అది సర్కారు అనుమతి ఉన్న ట్యాక్సీ అనుకునేవాళ్లను చూశాను. పచ్చ రంగు అది కరెంటు బండి అని మాత్రమే చెప్తుంది. అసలు సంగతి అక్షరాల రంగులో ఉంది. పచ్చ మీద తెల్ల అక్షరాలైతే సొంత బండి, పచ్చ మీద పసుపు అక్షరాలైతే ట్రాన్స్‌పోర్ట్ బండి. 2018 అక్టోబర్‌లో కేంద్రం బ్యాటరీతో నడిచే ట్రాన్స్‌పోర్ట్ వాహనాలకు పర్మిట్ అక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది. కాబట్టి పసుపు అక్షరాల కరెంటు బండి మీద వచ్చిన కుర్రాణ్ని "పర్మిట్ చూపించు" అని నిలదీయక్కర్లేదు.

అసలు ప్లేటే లేని స్కూటర్లూ ఉన్నాయి. గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు మోటారున్న చిన్న కరెంటు స్కూటర్లకు రిజిస్ట్రేషన్, లైసెన్స్ రెండూ అవసరం లేదు. డెలివరీ కుర్రాళ్లు కొందరు వాటి మీద తిరుగుతారు. భోజనం పార్సిల్ తెచ్చినంతవరకు ఇబ్బంది లేదు. అలాంటిది మిమ్మల్ని ఎక్కించుకోవడానికి వస్తే మాత్రం బేరం కూడా ఆడకండి. ఏ నంబరు లేని బండిని రేపు ఎలా వెతికి పట్టుకుంటారు?

రంగుతో పాటు నంబరులో ఇంకో గుర్తుంది. మన దగ్గర ఆటోలు, క్యాబ్‌లు, లారీల నంబర్లలో జిల్లా అంకెల తర్వాత వచ్చే అక్షరాలు టీ, యూ, వీ లాంటి వాటితో మొదలవుతాయి. ఏ ఆటో వెనకైనా చూడండి. ఎవరైనా పసుపు స్టిక్కర్ అంటించి ట్యాక్సీ అనిపించాలని చూసినా ఆ అక్షరం పట్టిస్తుంది. 2019 ఏప్రిల్ తర్వాత కొన్న బండికి హై సెక్యూరిటీ ప్లేటు ఉండి తీరాలి. ఎడమ పక్కన అశోక చక్రం హోలోగ్రామ్, దాని కింద నీలం రంగులో దేశం పేరు గుర్తు ఉంటాయి. అవి లేకుండా, వీధి చివర షాపులో రాయించిన ప్లేటుతో కొత్త బండి వస్తే ఎందుకో అడగాలి. ఇక టీఎస్ అని ఉంటే పాతది, టీజీ అని ఉంటే 2024 మార్చి తర్వాత రిజిస్టర్ అయినది. ఇన్సూరెన్స్, పొల్యూషన్ గడువుల మీద ఎంత అనుమానం పెట్టుకోవాలో అక్కడే కొంత తెలుస్తుంది.

తెల్ల ప్లేటు, యాప్ బండి: నిజంగా తప్పా?

ఈ ఊళ్లో బైక్ ట్యాక్సీ బుక్ చేస్తే పదికి తొమ్మిదిసార్లు వచ్చేది తెల్ల ప్లేటే. ర్యాపిడో అయినా, ఉబర్ మోటో అయినా, ఓలా బైక్ అయినా అంతే. పసుపు ప్లేటు బైకు కోసమే కూర్చుంటే ఇల్లు చేరే ఆశ వదులుకోవాలి. అందుకే దీని గురించే ఎక్కువ చెప్పాలి.

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం డబ్బు తీసుకుని ప్రయాణికుల్ని తీసుకెళ్లే బండికి పర్మిట్ ఉండాలి. లేకుండా నడిపితే 192ఏ సెక్షన్ కింద పదివేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. ఆ శిక్ష నడిపేవాడికీ యజమానికీ గానీ వెనక కూర్చున్న మనకు కాదు. మనకు పడే దెబ్బ బండిని మధ్యలో ఆపేస్తే రోడ్డున పడటం, ప్రమాదం జరిగితే బీమా దగ్గర ఇరుక్కోవడం.

బైకు అసలు ట్యాక్సీ అవుతుందా అన్న వాదన ఏళ్లపాటు సాగింది. 2024 జనవరిలో కేంద్ర రవాణా శాఖ మోటార్ సైకిళ్లు కూడా కాంట్రాక్ట్ క్యారేజ్ (ఒప్పందం మీద ప్రయాణికుల్ని తీసుకెళ్లే బండి) నిర్వచనంలోకి వస్తాయని, పర్మిట్ దరఖాస్తులు తీసుకోమని రాష్ట్రాలకు చెప్పింది. 2025 జూలైలో వచ్చిన అగ్రిగేటర్ (బండ్లు బుక్ చేసే యాప్ కంపెనీల) మార్గదర్శకాలు ఇంకో అడుగు వేశాయి. తెల్ల ప్లేటు బైకుల్ని కూడా యాప్‌ల ద్వారా ప్రయాణికులకు వాడుకోనివ్వొచ్చు, కావాలంటే ఫీజు వేసుకోవచ్చు అని రాష్ట్రాలకు వెసులుబాటు ఇచ్చాయి. నిర్ణయం రాష్ట్రానిది. అంటే తెల్ల ప్లేటు బండి ఒక రాష్ట్రంలో సక్రమం, పక్క రాష్ట్రంలో అక్రమం కావచ్చు.

కెప్టెన్ల (యాప్ బండ్లు నడిపేవాళ్లను అలా అంటారు) వైపు నుంచి కూడా ఒక మాట. ఈ బండ్లు నడిపేవాళ్లలో చదువుకుంటున్న పిల్లలు, ఉద్యోగం అయ్యాక రెండు గంటలు తిరిగేవాళ్లు చాలామంది. కొన్న రోజే లైఫ్ ట్యాక్స్ కట్టేసిన బండిని పసుపు ప్లేటుకు మార్చాలంటే ఆర్టీఏ చుట్టూ తిరగాలి, ఫిట్‌నెస్ చేయించాలి, ఇన్సూరెన్స్ మార్చుకోవాలి. రేపు అమ్మబోతే పసుపు ప్లేటు బండికి ధర పలకదు. రోజుకి నాలుగు ట్రిప్పుల కోసం అంత ఎవరు చేస్తారు? తెల్ల ప్లేటు కనిపించగానే ఆ అబ్బాయిని మోసగాడిలా చూడటం నాకు నచ్చదు. కానీ అతని మీద జాలి వేరు, నా ఇన్సూరెన్స్ లెక్క వేరు.

ఇన్సూరెన్స్ దగ్గరే అసలు తేడా

తెల్ల ప్లేటుకీ పసుపు ప్లేటుకీ రంగు తేడా కంటే ముఖ్యమైనది పాలసీ కాగితంలో ఒక చిన్న వాక్యం. సొంత బండి పాలసీలో, అద్దెకు గానీ ప్రతిఫలం తీసుకుని గానీ వాడితే ఈ పాలసీ వర్తించదు అన్న అర్థం వచ్చే షరతు ఉంటుంది. మీ ఇంట్లో బండి పాలసీ తీసి చూడండి, వాడకం పరిమితులు అన్న చోట కనిపిస్తుంది. మీరు పేమెంట్ చేసి ఎక్కారంటే ఆ షరతు తప్పినట్టే. ప్రమాదం జరిగాక బీమా కంపెనీ లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

ఇంకో మెలిక ఉంది. బండికి థర్డ్ పార్టీ పాలసీ (అవతలివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చేది) మాత్రమే ఉంటే వెనక కూర్చున్న మనిషి దాని కిందకు రారని 2006లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. ఫుల్ పాలసీ ఉంటే వెనక కూర్చున్నవాళ్లకూ వర్తిస్తుంది, కానీ అక్కడ మళ్లీ అద్దె షరతు అడ్డొస్తుంది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బైకులకు ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ ఒకేసారి ఇస్తున్నారు. అందువల్ల బండి వివరాలు చూపే యాప్‌లో "ఇన్సూరెన్స్ 2028 వరకు" అని చూసి సంతోషపడటానికి లేదు. ఆ ఐదేళ్లది థర్డ్ పార్టీ మాత్రమే, ఫుల్ పాలసీ ఏటా రెన్యూ చేయించేది వేరు. కుర్రాళ్లు మొదట ఆపేసేది ఆ రెండోదే.

పసుపు ప్లేటు బండి పాలసీ మొదటి నుంచీ డబ్బిచ్చి ఎక్కే ప్రయాణికుణ్ని లెక్కలో పెట్టుకుని రాసింది. అద్దె షరతు అన్న గొడవే ఉండదు. నాకు ఎంపిక ఉంటే పసుపు ప్లేటే ఎక్కుతాను అనడానికి కారణం ఇది ఒక్కటే. నడిపే తీరులో తేడా ఏమీ ఉండదు, సిగ్నల్ దూకేవాడు ఏ రంగు ప్లేటుతోనైనా దూకుతాడు.

మరి తెల్ల ప్లేటు ఎక్కితే ఏ ఆసరా లేదా? ఉంది. యాప్ కంపెనీలు ట్రిప్పు నడుస్తున్నంతసేపు ప్రయాణికుడికి ప్రమాద బీమా ఇస్తుంటాయి. యాప్‌లో సేఫ్టీ అని గానీ ఇన్సూరెన్స్ అని గానీ ఉన్న పేజీ ఒకసారి తెరిచి, మొత్తం ఎంత, ఆసుపత్రి ఖర్చు వస్తుందా, ఎన్ని రోజుల్లో చెప్పాలి అన్నవి చదివి పెట్టుకోండి. ఐదు నిమిషాల పని. అందులో కెప్టెన్‌కి ఇచ్చేదీ మనకు ఇచ్చేదీ కలిపి చదివి మోసపోవద్దు. మార్గదర్శకాల్లో ఉన్న ఐదు లక్షల ఆరోగ్య బీమా, పది లక్షల టర్మ్ బీమా నడిపేవాళ్ల కోసం పెట్టినవి. బండి కాగితాల్లో కనిపించే పదిహేను లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా నడిపే యజమానికే.

ఈ యాప్ బీమా ఓటీపీ చెప్పి ట్రిప్పు మొదలైతేనే మొదలవుతుంది. కెప్టెన్ ట్రిప్పు క్యాన్సిల్ చేయించి "డైరెక్ట్‌గా వెళ్దాం" అంటే అది పోయినట్టే.

ఏ బండి అయినా, ఎవరి తప్పయినా అందరికీ వర్తించేది ఒకటి 2025 మే నెలలో వచ్చింది. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాళ్లకు నమోదైన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు కట్టకుండా చికిత్స ఇవ్వాలి. ప్లేటు రంగుతో దానికి సంబంధం లేదు. 112కి ఫోన్ చేసినప్పుడు, ఆసుపత్రి కౌంటర్ దగ్గర ఆ మాట గుర్తు చేయండి, వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు.

పది సెకన్ల చెకింగ్, రెండు నిమిషాల చెకింగ్

రోడ్డు పక్కన నిలబడి, కెప్టెన్ "త్వరగా మేడమ్, పోలీసులున్నారు" అంటుంటే ఆర్సీ తెప్పించుకుని చదివేంత ఓపిక ఎవరికీ ఉండదు. అందుకని నేను రెండు రకాలుగా చూస్తాను.

మొదటిది ప్రతిసారీ. నంబర్ ప్లేటులో ఆఖరి నాలుగు అంకెలే కాదు, మొత్తం నంబరు ఫోన్‌లో ఉన్నదానితో కలవాలి. నాలుగు అంకెలు కలిసి ముందరి అక్షరాలు వేరైన బండి ఒకసారి నాకే వచ్చింది. తర్వాత ముఖం. హెల్మెట్ అద్దం పైకెత్తమని అడగడానికి మొహమాటం వద్దు, "ఒక్కసారి అద్దం తీయన్నా, ఫొటో చూసుకుంటా" అంటే ఎవరూ తప్పుగా అనుకోరు. ఒకడి పేరున ఉన్న ఐడీ మీద తమ్ముడో, రూమ్మేటో నడపడం ఈ ఊళ్లో మామూలే. ఆఖరిది, పేరు అతని నోటితోనే చెప్పించాలి. "మీరు ఫలానానా?" అంటే ఎవరైనా అవునంటారు. "ఎవరి పేరు మీద బుకింగ్ వచ్చింది?" అంటే అసలు కెప్టెన్ అయితే మీ పేరు చెప్తాడు. ఇవన్నీ అయ్యాకే ఓటీపీ.

రెండోది రాత్రిపూట, దూరం వెళ్లేటప్పుడు, లేదా ఏదో తేడాగా అనిపించినప్పుడు. బండి వచ్చేలోపు మూడు నాలుగు నిమిషాలుంటుంది కదా, అప్పుడే కేంద్ర రవాణా శాఖ వాళ్ల ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూస్తాను. యజమాని పేరు సగం చుక్కలతో కనిపిస్తుంది. అది కెప్టెన్ పేరుతో కలవకపోయినా గాభరా అక్కర్లేదు, నాన్న పేరున ఉన్న బండ్లు చాలా ఉంటాయి. చూడాల్సింది ఇన్సూరెన్స్ గడువు, పొల్యూషన్ గడువు, వాహన తరగతి. తరగతి దగ్గర ఉత్త ఎం-సైకిల్/స్కూటర్ అని ఉంటే సొంత బండి. దాని పక్కన యూజ్డ్ ఫర్ హైర్ అని ఉంటే ట్యాక్సీగా రిజిస్టర్ చేసినది. బండి మోడల్, రంగు కూడా అక్కడే కనిపిస్తాయి. యాక్టివా అని చూపించిన నంబరు పల్సర్ మీద ఉంటే ఇక మాట్లాడేదేముంది?

తరగతి సరిగ్గా రాకపోతే ఫిట్‌నెస్ గడువు చూడండి, ఈ చిట్కా నాకు ఒక ఆర్టీఏ ఏజెంటు చెప్పాడు. సొంత బండికి రిజిస్టర్ చేసిన రోజు నుంచి పదిహేనేళ్లు ఇస్తారు. ట్రాన్స్‌పోర్ట్ బండికి కొత్తలో రెండేళ్లే, తర్వాత మళ్లీ మళ్లీ చేయించుకోవాలి. గడువు 2038 అనో 2039 అనో ఉంటే అది ట్యాక్సీ బండి కాదు.

ఎంపరివాహన్‌లో వివరాలు ఖాళీగా వస్తే వెంటనే నకిలీ నంబరు అనుకోకండి. తెలంగాణ చాలాకాలం కేంద్రం వాహన్ వ్యవస్థలో కలవకుండా సొంత వ్యవస్థ నడిపింది, అందుకే కొన్ని బండ్ల వివరాలు అక్కడ సరిగ్గా రావు. అప్పుడు కెప్టెన్నే అడగొచ్చు. తెలంగాణ రవాణా శాఖ ఆర్టీఏ ఎం-వాలెట్‌లోనో, డిజీలాకర్‌లోనో ఉన్న ఆర్సీ కూడా చెల్లుతుంది, కాగితం ఇంట్లో మర్చిపోయానన్న సాకు ఇప్పుడు నడవదు. లైసెన్స్ చూడటానికి మాత్రం నేను ప్రయత్నించను. దానికి నంబరు, పుట్టినరోజు కావాలి, రోడ్డు మీద నిలబెట్టి ఒకరి పుట్టినరోజు అడగడం ఏం బాగుంటుంది?

యాప్ లేకుండా పిలిచేవాళ్లు

వీళ్లు రెండు రకాలు. స్టేషన్ల దగ్గరో బస్టాండు దగ్గరో నిలబడి పిలిచేవాళ్లు ఒక రకం. బుక్ చేశాక ఫోన్ చేసి "క్యాన్సిల్ కొట్టండి సార్, ఆఫ్‌లైన్‌లో వస్తా, పది రూపాయలు తగ్గిస్తా" అనేవాళ్లు ఇంకో రకం. రెండో రకాన్ని చాలామంది ప్రమాదంగా చూడరు, ఎందుకంటే మనిషి యాప్‌లో కనిపించినవాడే కదా. కానీ క్యాన్సిల్ కొట్టిన క్షణం నుంచి ట్రిప్పు రికార్డు లేదు, లొకేషన్ పంపడం లేదు, బీమా లేదు. తెల్ల ప్లేటు బండికి ఉన్న ఒక్క బలం యాప్ రికార్డు. పది రూపాయల కోసం దాన్నే వదులుకుంటున్నాం.

కెప్టెన్లు అలా ఎందుకు అడుగుతారో నాకు తెలుసు, యాప్‌కి కట్టేది మిగులుతుందని. ఆ బాధ నిజమే. నేనైతే "యాప్‌లోనే రండి, దిగాక పది ఎక్కువిస్తా" అంటాను. సగంమంది ఒప్పుకుంటారు.

యాప్ లేకుండా పసుపు ప్లేటు బైకు వస్తే? సూత్రం ప్రకారం పర్మిట్ ఉంది, ఎక్కొచ్చు. పగలు, తెలిసిన దారి, తక్కువ దూరం అయితే నేను ఎక్కుతాను, ప్లేటు ఫొటో తీసి ఇంట్లోవాళ్లకు పంపాకే. యాప్ లేని తెల్ల ప్లేటు మాత్రం ఎప్పుడూ వద్దు. ఇందులో మినహాయింపులేవీ నాకు తోచలేదు.

ఊరు మారితే లెక్క మారుతుంది

గోవాలో బైక్ ట్యాక్సీవాళ్లను పైలట్లంటారు. యాప్‌లు పుట్టకముందు నుంచే అక్కడ వాళ్లకు లైసెన్సులున్నాయి. ముందు మడ్‌గార్డుకు పసుపు రంగు ఉంటుంది, దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. మనవాళ్లు అక్కడ ఎక్కువగా దెబ్బతినేది పైలట్ల దగ్గర కాదు, అద్దె బండ్ల దగ్గర. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న బండి తీసుకోవాల్సిన చోట ఎవరో సొంత తెల్ల ప్లేటు స్కూటీ చవగ్గా ఇస్తే తీసుకుంటారు, చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ఆపితే సెలవంతా అక్కడే గడిచిపోతుంది.

బ్యాంకాక్ వెళ్లే తెలుగువాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి అదీ చెప్తాను. అక్కడ సందు మొదట్లో నారింజ రంగు చొక్కాల్లాంటి జాకెట్లు వేసుకుని వరుసలో ఉంటారు. ప్రతి జాకెట్ మీద నంబరు ఉంటుంది, బండికి పసుపు ప్లేటు ఉంటుంది. ఎవరి వంతు వాళ్లదే. మన స్టేషన్ల దగ్గర ఇలాంటి ఏర్పాటు ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పనే ఉండేది కాదు.

మహారాష్ట్ర 2025లో నియమాలు పెట్టి కరెంటు బండ్లకే బైక్ ట్యాక్సీగా దారి ఇచ్చింది. బెంగళూరులో 2021లో ఎలక్ట్రిక్ బైక్ ట్యాక్సీ పథకం తెచ్చి, 2024 మార్చిలో తీసేసి, 2025లో హైకోర్టు ఆదేశంతో కొన్నాళ్లు సర్వీసే ఆపి, రకరకాల మలుపులు తిరిగింది. అక్కడ చదువుకునే పిల్లలున్న ఇళ్లవాళ్లు పాత వార్తలు నమ్ముకోకుండా వెళ్లే వారంలో ఏముందో చూసుకోవాలి.

ఎప్పుడు ఏది

పగలు, నాలుగైదు కిలోమీటర్లు, మెయిన్ రోడ్లు: తెల్ల ప్లేటు యాప్ బండి సరిపోతుంది, పది సెకన్ల చెకింగ్ చేస్తే చాలు. ఓఆర్ఆర్ సర్వీస్ రోడ్డు మీదో, నగరం దాటి శంషాబాద్ వైపో ఇరవై కిలోమీటర్లు వెళ్లాలంటే నేను బైకే ఎంచుకోను. అంత వేగంలో పడితే వచ్చే నష్టానికి యాప్ బీమా మొత్తం చాలదు. ఆటో గానీ క్యాబ్ గానీ ఎక్కితే ట్రాన్స్‌పోర్ట్ పర్మిట్, ప్రయాణికుడి బీమా రెండూ ఉంటాయి, చుట్టూ రేకు కూడా ఉంటుంది. లేదా బస్సు. ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీలో మహాలక్ష్మి ఉచిత ప్రయాణం ఉండనే ఉంది. బస్సులో దూరం దాటేసి, చివర కొసకు మాత్రం బైకు పెట్టుకుంటే ఖర్చూ తగ్గుతుంది, భయమూ తగ్గుతుంది.

వాన పడుతుంటే ఛార్జీలు రెట్టింపు దాకా పెరుగుతాయి, మార్గదర్శకాలు కూడా బేస్ ఛార్జీకి రెండు రెట్లు దాకా ఒప్పుకుంటున్నాయి. ఆ ధరకి ఆటో వచ్చేస్తుంది. అప్పుడు కూడా జారే రోడ్డు మీద బైకు ఎందుకు?

రాత్రి పది దాటాక ఒంటరిగా వెళ్లే ఆడపిల్లలైతే రెండు నిమిషాల చెకింగ్ తప్పనిసరి. దానికి తోడు ప్రయాణాన్ని పోలీసులు గమనించే టీ-సేఫ్ సేవ పెట్టుకోండి. 2024 మార్చిలో తెలంగాణ పోలీసులు మొదలుపెట్టారు. 100కి ఫోన్ చేసి 8 నొక్కినా ప్రయాణం అయ్యేదాకా పోలీసులు గమనిస్తూ ఉంటారు, స్మార్ట్‌ఫోన్ కూడా అక్కర్లేదు. యాప్ కంపెనీ ఎస్‌ఓఎస్ బటన్ కంటే నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను.

హెల్మెట్ విషయం ఏ రంగు ప్లేటుకైనా ఒకటే. కెప్టెన్లు చలాన్ పడకుండా ఉండాలని చేతికిచ్చే గిన్నె లాంటి టోపీలు తలకి చాలవు. ఐఎస్ 4151 (హెల్మెట్ల నాణ్యత ప్రమాణం) అని ముద్ర ఉన్న సగం హెల్మెట్ ఒకటి నా ఆఫీసు బ్యాగులోనే ఉంటుంది. మొదట్లో కొలీగ్స్ నవ్వారు, ఇప్పుడు ఇద్దరు కొనుక్కున్నారు.

మన కోసం కాకుండా వేరేవాళ్ల కోసం బుక్ చేసేటప్పుడు ఈ చెకింగ్ అంతా ఎవరు చేయాలి అన్నది ఎవరూ ఆలోచించరు. మా అమ్మ కూకట్‌పల్లిలో పిన్ని ఇంటికి వెళ్తుంటే బుకింగ్ నేనే చేస్తాను. అమ్మ దగ్గర మామూలు బటన్ ఫోనే. అందుకని ఫోన్ చేసి బండి రంగు, మొత్తం నంబరు చెప్తాను, అమ్మ క్యాలెండర్ వెనక రాసుకుంటుంది. ఓటీపీ మాత్రం ముందే చెప్పను. బండి దగ్గర నిలబడి నంబరు చదివి వినిపించాక చెప్తాను. కిందటి నెల ఒకబ్బాయి "అమ్మా, ఎక్కండి, ఓటీపీ తర్వాత చూసుకుందాం" అన్నాడట. "మా అమ్మాయి చెప్పకుండా ఎక్కను బాబూ" అని గేటు దగ్గరే నిలబడిపోయింది. అతను విసుక్కుంటూనే ప్లేటు మీద బురద తుడిచి చూపించాడట.